వీధి వాల్వు తాళంచెవి తిరిగి తీసుకొనుట

నీటి సరఫరా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి మంచినీటి వాల్వు తాళంచెవిని నా వద్దనుండి వెనుకకు తీసుకొనవలసిందిగా కోరుట గురించి.

వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకొని బతుకుచున్న దర్జీ విన్నవించుకొనునది:

1. ప్రజల భాగస్వామ్యం పేరిట తమరు మా వీధిలో సభ జరిపిన మాట వాస్తవము. ఎగువ సందుకూ దిగువ సందుకూ ఒకేసారి నీరు చాలదు, రెండో పైపు ఎప్పుడు వేస్తారని అడగడానికి నేను చెయ్యెత్తాను. తమరు "ఇదిగో, ముందుకొచ్చిన పౌరుడు!" అని చప్పట్లు కొట్టించి, వాల్వు తిప్పే ఇనుప తాళంచెవి నా చేతిలో పెట్టినారు. నా ప్రశ్న నోట్లోనే ఉండిపోయినది.

2. ఆనాటి నుండి రోజు విడిచి రోజు, ఒకనాడు ఎగువకు, ఒకనాడు దిగువకు తిప్పుచున్నాను. నీరు రాని సందువారు పూర్వము తమరిని తిట్టేవారు. ఇప్పుడు నన్ను తిట్టుచున్నారు. కుట్టమని ఇచ్చిన గుడ్డలు కూడా వెనక్కి పట్టుకుపోయినారు.

3. రెండో పైపు కొరకు గత నెల అర్జీ పెట్టుకొనగా, అది 'సంబంధిత వ్యక్తి తగు చర్య తీసుకొనవలెను' అను ముద్రతో నాకే చేరినది. తాళంచెవి తిరిగి ఇవ్వబోగా తమ గుమాస్తా, "ఇచ్చేందుకు రిజిస్టరుంది గానీ పుచ్చుకునేందుకు లేదయ్యా" అన్నాడు.

4. దీనికి నంబరు వేయవచ్చునో లేదో తెలియదు. నా కూతురి కాపురం దిగువ సందులోనే. చంటిబిడ్డకు ఇంకా నెల నిండలేదు. మొన్న ఎగువ సందు వంతునాడు ఖాళీ బిందె తెచ్చి నా మిషను పక్కన పెట్టింది.

"తాళం నీ చేతిలో పెట్టుకుని, బిడ్డ గుడ్డలు ఉతకడానికి నన్ను ఇల్లిల్లూ తిప్పుతావా నాన్నా?"

"వంతు తప్పితే ఊరుకోరమ్మా" అన్నాను.

"అయితే నేను నీ కూతుర్ని కాదు, దిగువ సందుదాన్నన్నమాట" అని వెళ్లిపోయింది. బిందె కూడా తీసుకోలేదు. ఆనాటి నుంచి నాతో మాట లేదు.

కావున తాళంచెవి స్వీకరించి, సభలో అడగబోయిన ప్రశ్నకు తమరే జవాబు సెలవివ్వ ప్రార్థన. నా ఇంటి గోడును దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చెయ్యెత్తిన దర్జీ

తా.క.: ఈరోజు కూడా ఎగువ సందు వంతే. పొద్దున్నే దిగువకు తిప్పేశాను. ఎగువ సందువాళ్లు బిందెలతో వచ్చి షాపు ముందు నిలబడ్డారు. "పైనుంచే రావడం లేదండీ, రాసి పంపాను, చూద్దాం" అన్నాను. కుట్టు ఆపకుండా, తలెత్తకుండా అన్నాను. నమ్మి వెళ్లిపోయారు. ఇప్పుడు నేను నిజంగానే మీ శాఖ మనిషినయ్యానండీ.