మళ్లీ తీసుకెళ్లారా?

భట్టిప్రోలు

శ్రీవిద్య మేడం గారికి నమస్కారం.

జైలు నుంచి వచ్చినవాళ్లు ఎన్నాళ్లకు మళ్లీ నేరం చేస్తారో మీరు కడుతున్న లెక్కలో నేనూ ఒకణ్ణి. మొన్న తెనాలి నుంచి మీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను ఆటో బేరం మీద రేపల్లె వెళ్లాను. మా ఆవిడ సుజన మాట్లాడింది. "ఈ మధ్య ఆయన్ని పోలీసులు మళ్లీ తీసుకెళ్లారా?" అని అడిగితే "తీసుకెళ్లారండి" అంది. ఎందుకని వాళ్లు అడగలేదు.

క్రిస్మస్ ముందు పాత కేసుల వాళ్లను స్టేషనుకు పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపడం మామూలే. నన్నూ అలాగే తీసుకెళ్లారు. నేను ఏ దొంగతనమూ చేయలేదు. ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ తప్పు చేసే అవకాశం తగ్గుతుందని మీరే గీత గీసి చూపించారు. ఇప్పుడు నేను మళ్లీ నేరం చేసినట్టు లెక్కలో పడి, నా గీత అక్కడితో తెగిపోయి ఉంటుంది.

పాత కేసు ఉందని పోలీసులు పిలుస్తారు. పిలిచారని మీరు రాసుకుంటారు. రేపు మీ లెక్క చూసి, ఇలాంటివాళ్లు మారరని వాళ్లు మళ్లీ పిలుస్తారు.

ఈసారి మీ వాళ్లు అడిగితే లేదని చెప్పమన్నాను సుజనతో.

"నేనెందుకు అబద్ధమాడతాను? వాళ్లనే సరిగ్గా అడగమను" అంది.

అందుకే ఈ ఉత్తరం.