నా బొమ్మ పక్కన నీ బొమ్మ

అక్కా,

కవలలమైనా కాసేపు ముందు పుట్టి అక్కవైపోయావు కదా, ఇప్పుడు ఆ అక్కతో పనిపడింది.

ఆస్తమా ఊపిరిగొట్టాల్ని ఏం చేస్తుందో ఇక్కడి ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు. నాచేత ఏదో గ్యాస్ పీల్పించి స్కాన్ తీశారు. గాలి వెళ్ళినచోట తెల్లగా, వెళ్ళనిచోట నల్లగా పడింది. నా బొమ్మ ఎలుకలు కొరికిన దుప్పటిలా ఉంది. భయం వెయ్యలేదు. ఇన్నాళ్ళకి నా శత్రువు మొహం చూశాను.

"పక్కన పెట్టి చూడ్డానికి ఆస్తమా లేని తోబుట్టువెవరైనా ఉన్నారా?" అంది డాక్టరమ్మ.

"మా కవలక్క ఉంది, వస్తుంది" అని నిన్ను అడక్కుండానే మాటిచ్చేశాను.

లిఫ్టు ఎక్కడానికే జడిసి మెట్లెక్కే దానివి, ఆ ఇరుకు మిషన్‌లోకి వెళ్ళమంటే నన్ను తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకో, కానీ రా. లోపల గ్యాస్ పీల్చి కాసేపు ఊపిరి బిగబట్టడమే నీ పని.

చిన్నప్పుడు నాకు ఆయాసం వస్తే, మంచం పక్కన నిలబడి నువ్వూ ఊపిరి బిగబట్టేదానివి. "దానికంటే ఊపిరాడట్లేదు, నీకేం వచ్చిందే?" అని అమ్మ నీ వీపు మీద చరిచేది. నాకు ఊపిరి అందేదాకా నువ్వు మాత్రం వదిలేదానివి కాదు.

శుక్రవారం పొద్దున్నే రా. మిషన్ బయట నేను నిలబడతాను. నిన్ను ఊపిరి వదలమనేదాకా ఈసారి నేను బిగబడతాను.

నీ చెల్లి