పాత పడుగు కొస

ధర్మవరం

తమ్ముడు చిన్నస్వామికి అక్క రాసేది,

పెనుకొండ నుంచి ఫోన్ చేసి, ఆ డీవీడీ రికార్డరును క్యాసెట్లతో సహా పాత సామాన్లవాడికి వేసేయమన్నావు. వేయను. నీ పెళ్లి క్యాసెట్టును డిస్కులోకి ఎక్కిస్తుండగా రికార్డరు ఆగిపోయింది. హిందూపురం తీసుకెళ్తే అంగడాయన, "ఇట్లాంటివి ఇప్పుడు తయారే కావక్కా, యాడ తిరిగినా దొరకవు" అన్నాడు. నేను అంగట్లోంచి కదల్లేదు. చివరికి, ఇంట్లో ఉన్న క్యాసెట్ ప్లేయరును కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టె ఒకటి ఉందనీ, దాంతో బొమ్మంతా పెన్‌డ్రైవులోకి వస్తుందనీ ఒప్పుకున్నాడు. తెప్పిస్తున్నాను.

అంతవరకు రికార్డరు గానీ, క్యాసెట్లు గానీ గడప దాటవు. మగ్గం మీంచి చీరలు దిగాక పాత పడుగు దారాలను పీకి పారేస్తామా? దాని కొసలకే కొత్త పోగులు అతుకుతాం. నువ్వూ ఆ మగ్గం పక్కనే పెరిగావు.

పోయిన నాయన నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది నీ పెళ్లి క్యాసెట్టు ఒక్కదానిలోనే. ఆదివారం నీ కంప్యూటరు పట్టుకుని రా. తలంబ్రాలకు ముందు, తలపాగా వద్దని నువ్వు మొండికేసినప్పుడు ఆయన అన్న మాట నీ చెవులతో విందువు గానీ: "అక్క చెప్పినట్టు ఇనురా."

నీ అక్క