రెండు చొక్కాలూ తడిపేశాను

ఏవండీ, అన్నం కుక్కర్లో ఉంది, గోంగూర పచ్చడి ఫ్రిజ్‌లో ఉంది. పిడుగురాళ్ల బస్సుకు టైమైంది, నేను డ్యూటీకి పోతున్నాను.

వసారాలో తీగ మీద రెండు నీలం చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఒకటి, ఆదివారం గృహప్రవేశంలో మా తమ్ముడు హర్షకు పెట్టడానికి మీరు చిలకలూరిపేట హైవే మీద తగ్గింపు ధరల ఔట్‌లెట్లో కొన్నది. రెండోది అదే కంపెనీది, నిన్న నేను మన ఊరి షోరూంలో కొన్నాను. “ఏందే నీ అనుమానం, రెండూ ఒకటే సరుకు” అన్నారుగా. అందుకే పొద్దున్నే రెండూ నానబెట్టి ఉతికాను. మీరు తెచ్చినదాని కాలరు అప్పడంలా పొంగింది. పక్క కుట్టు మెలితిరిగి బొత్తాల దగ్గరికి వచ్చింది. షోరూందానికి ఏమీ కాలేదు.

నా మాటే నెగ్గిందనుకుంటూ ఆరేశాక గుర్తొచ్చింది, నీళ్లు తగిలిన బట్ట ఎవరికీ పెట్టకూడదని. ఇక రెండూ మీవే. సాయంత్రం షోరూంకే వెళ్లి నలభై రెండు సైజుది ఇంకొకటి తీసుకురండి. మళ్లీ హైవే వైపు పోవద్దు. వాదించే ఓపిక నాకు లేదు, చానా అలిసిపోయాను.

– నీరజ

అన్నట్టు, నాకు తెచ్చే చుడీదార్లు కూడా అక్కడివేనని ఎప్పుడో తెలుసు. పన్నెండేళ్లలో ఒక్కదాన్నీ తిరగేసి కుట్టు చూడలేదు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, నచ్చిందా అని అడుగుతారుగా.