ముందుగది నాది, లోపలి తలుపు మీది

బైండింగు మేస్త్రి భార్యను, కాలేజీలో ఇస్లామ్ చరిత్ర చెప్పి రిటైరైన టీచరును అయిన నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా రాసి పెడుతున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితం మీద ఎవరికైనా అనుమానం ఉంటే మా డాక్టరు గారి సర్టిఫికెట్టు జత చేశాను. అదే చీటీ మీద ఆయన ఉప్పు తగ్గించమని కూడా రాశారు. ఆ రెండో వాక్యం ఈ దస్తావేజులో భాగం కాదని మనవి.

ఇంత హడావుడిగా దీన్ని రాయడానికి కారణం ఒక టేపు. పోయిన వారం మా అబ్బాయి ఒక మనిషిని తీసుకొచ్చి ఇంటి ముందుగది కొలిపించాడు. షట్టరు పెడితే ఫోన్ల దుకాణానికి భలేగా సరిపోతుందట. నేను ఆ గదిలోనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. వచ్చినాయన మర్యాదస్తుడే, కాళ్లు కాస్త పైకి పెట్టుకోమని అడిగి మరీ కింద నుంచి టేపు లాగాడు. బతికుండగానే సొంత ఆస్తి పంపకం దగ్గరుండి చూసే యోగం ఎంతమందికి పడుతుంది! నాకు నవ్వాగలేదు. కానీ మర్నాడు పొద్దున, అదే గదిలో పుస్తకాల బైండింగు పని చేసుకునే మా పెంపుడు పిల్ల, మేమంతా జిగురు అని పిలిచేది, తన సూదులూ, దారాలూ, సుత్తీ, మడతలు నొక్కే బద్దా చెక్కపెట్టెలో సర్దేసి తలుపు పక్కన పెట్టుకుంది. బయట ఉంచుకున్న ఒక్క సూదితో ఎవరిదో పుస్తకం కుట్టుకుంటూ కూర్చుంది. అప్పుడిక నవ్వు రాలేదు. వకీలుకి కబురు పెట్టాను.

1. వారసుల సంగతి. నా భర్త నాకంటే ముందే వెళ్లిపోయారు. నాకు చట్టప్రకారం వారసులు ఇద్దరు: సిమెంటు వ్యాపారం చేసే మా అబ్బాయి, బడిలో లెక్కలు చెప్పే మా అమ్మాయి. ఈ ఇల్లు నా జీతంతో, నా పేరు మీద కొన్నది. భార్య ఆస్తి భార్యదే అని మా ధర్మశాస్త్రం మొదట్నుంచీ చెబుతోంది కాబట్టి మా ఆయన ఇందులో ఏనాడూ వేలు పెట్టలేదు. ఇంటి కప్పు కారినప్పుడు కూడా అదే కారణం చెప్పి తప్పించుకునేవారు.

2. నా దహనమూ కర్మా అంటూ ఏమీ లేవు, ఖననమే. నిరాడంబరంగా కానివ్వండి. ఆ ఖర్చు పోగా మిగిలినదాంట్లో మూడింట రెండు వంతుల మీద నాకు ఎలాంటి అధికారమూ లేదు. అది వారసులది. అబ్బాయికి రెండు పాళ్లు, అమ్మాయికి ఒక పాలు. ఇది నేను పెట్టిన రూలు కాదు గనక నాతో పేచీ పెట్టుకోవద్దు. అమ్మాయి ఎప్పుడో అలిగింది, అన్నకి రెండూ నాకొకటా అని. తల్లీ, ఆ కాలంలో ఆడపిల్లకి ఇంత అని రాసిపెట్టడమే లోకం ముక్కున వేలేసుకునే సంగతి. ఈ కాలానికి అది చాలదని నువ్వంటే నేను కాదనను. చరిత్ర టీచరుకి రెండూ నిజాలే. మీ అన్నకి మనసుంటే తన పాలులోంచి నీకు ఇవ్వొచ్చు, దానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదు.

ఇంకో మాట. బీజగణితం అంటే చిన్నప్పుడు నువ్వు గుక్కపట్టి ఏడ్చేదానివి, ఇప్పుడు అదే చెప్పి పిల్లల్ని ఏడిపిస్తున్నావు. ఆల్జీబ్రా అన్న పేరు ఏ బగ్దాదు పండితుడి పుస్తకం నుంచి వచ్చిందో, ఆ పెద్దమనిషి అదే పుస్తకంలో పెద్ద భాగం దేనికి కేటాయించాడో తెలుసా? వారసుల మధ్య ఆస్తి పంపకాల లెక్కలకి. అంటే మీలాంటి వాళ్ల గొడవలు తీర్చడానికే లోకానికి అంత చదువు అవసరమైంది.

3. మిగిలిన మూడో వంతు మాత్రమే నా చేతిలో ఉంది. దాన్ని వారసులకి కాక నాకు నచ్చినవాళ్లకి ఇవ్వొచ్చు. వారసులకి వీలునామాలో ప్రత్యేకంగా ఏదైనా రాస్తే తక్కిన వారసులు ఒప్పుకుంటే తప్ప చెల్లదు. అందుకని మీ ఇద్దరికీ ఇవ్వదలచినవి నా చేత్తోనే ఇచ్చేస్తున్నాను. అమ్మాయికి నా కళ్లజోడు పెట్టె, నా శాలువా. అబ్బాయికి మీ నాన్న వాడిన చెక్క స్కేలు. నీకు కొలతల మీద ఇంత మోజుందని ముందే తెలిస్తే ముందే ఇచ్చేదాన్ని.

4. నా గోడ పటమూ, కాఫీ ఫ్లాస్కూ మా స్టాఫ్‌రూములోని యుద్ధాల మాస్టారికి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయనా నేనూ ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని కొట్లాడుకున్నాం. ఆయన లెక్కలో చరిత్రంటే ఎవరు ఎవర్ని ఎక్కడ ఓడించారో అంతే. నేను ఆస్పత్రులూ, కాగితమూ, నీటి కాలవలూ, న్యాయస్థానాలూ చెబుతుంటే, టీచరమ్మా ఇది చరిత్ర పాఠమా మున్సిపాలిటీ మీటింగా అనేవారు. ఔను మాస్టారూ, రాజులు పోయాక జనానికి మిగిలేది మున్సిపాలిటీయే. యుద్ధం గెలిచినవాడు పోతూ పోతూ కిరీటం పట్టుకుపోయాడు. మక్కా యాత్రికుల దారిలో ఒక రాణి తవ్వించిన కాలవలో నీళ్లు మాత్రం ఆమె పోయాక కూడా వందల ఏళ్లు పారాయి.

ఇక ఫ్లాస్కు సంగతి. ఐదువందల ఏళ్ల కిందట అరబ్బు దేశాల్లో కొన్ని ఊళ్లలో అధికారులు కాఫీ దుకాణాలు మూయించారు. జనం అక్కడ చేరి, కప్పు ముందు పెట్టుకుని, ప్రభుత్వాన్ని చెడామడా తిడుతున్నారని వాళ్ల భయం. కొన్నాళ్లకి హుకుంలు మూలపడ్డాయి, కాఫీ నిలబడింది. ఈ యుద్ధం మీ సిలబస్సులో లేదు మాస్టారూ. రోజూ నా ఫ్లాస్కులో కాఫీ తాగుతూ నన్నే ఎదిరించారు కాబట్టి అది న్యాయంగా మీదే. మీరు లేని స్టాఫ్‌రూములో నాకు ఒక్కరోజు కూడా తోచేది కాదు. ఈ మాట ఎదురుగా అంటే మీరు నెత్తికెక్కి కూర్చుంటారని ఇక్కడ రాస్తున్నాను.

5. పాఠ్యపుస్తకాల కమిటీలో ఒక పెద్దాయన ఉండేవారు. మా ఇస్లామ్ చరిత్ర అధ్యాయాన్ని మొత్తంగా పీకేయాలని పట్టుబట్టి, చివరికి అర పేజీకి దించారు. దీనికీ మన జీవితాలకీ సంబంధమే లేదని ఆయన వాదన. ఆ వాదనని ఆయన కలంతో కాగితం మీద అర్జీగా రాసి, నకలు దాఖలు చేసి, జవాబు రాకపోయేసరికి స్వయంగా హాజరై మరీ వినిపించారు. అందులో ఎన్ని అరబ్బీ, ఫారసీ మాటలు ఆ అర పేజీ దారిన వచ్చినవో ఆయనకి తెలియదు. ఆయనకి నా పాత నిఘంటువు. తీరిగ్గా చదువుకోమనండి.

6. మా అల్లుడికి అటు పక్క పిచ్చి. లోకంలో ఉన్న ప్రతి మంచీ మనవాళ్లే కనిపెట్టారంటాడు. గడియారం మనదే, సబ్బు మనదే, రేపో మాపో ఇస్త్రీపెట్టె కూడా మనదే అంటాడు. నాయనా, ఆనాటి పండితులు గ్రీకు పుస్తకాలు అడిగి తెచ్చుకున్నారు, హిందూ దేశపు అంకెలు నేర్చుకున్నారు, తెలిసినవాడు ఏ మతం వాడైనా కూర్చోబెట్టి అనువాదాలు చేయించారు. వాళ్ల గొప్పతనమల్లా తెలియదని ఒప్పుకుని అడగడంలో ఉంది. నీకు నేనిచ్చేది నా చదువుకునే బల్ల. దాని మీద మోచేతులు ఆన్చి, ఎప్పుడైనా ఒక పుస్తకం చివరిదాకా చదువు. కోప్పడకు, నా మందులు మర్చిపోకుండా తెచ్చిపెట్టేది నువ్వొక్కడివే.

7. ఇప్పుడు అసలు సంగతి. మా జిగురు మా ఆయనతో కలిసి పనిచేసిన బైండరు కూతురు. తల్లి పురిట్లోనే పోయింది, తండ్రి జ్వరంతో పోయాడు. మైదా జిగురు చేతులతో అబ్బాయి చొక్కా పట్టుకుని ఇల్లంతా తిరిగేది, ఆ పేరు పెట్టింది వాడే. మా ధర్మంలో బిడ్డని పెంచుకోవచ్చు, తండ్రి పేరు మాత్రం చెరపకూడదు. ఆ పిల్లని కన్నవాడి గుర్తు లోకంలో ఉండాలని ఆ కట్టడి. నాకది నచ్చింది, అలాగే చేశాను. అదే కట్టడి వల్ల ఆమెకి నా ఆస్తిలో వారసత్వం రాదు. ఈ రెండోది కూడా నాకు మొదట్నుంచీ తెలుసు. అయితే చట్టం ఒక తలుపు మూసినప్పుడు పక్కనే ఇంకోటి తెరిచి పెట్టింది. ఆ తెరిచినదే ఈ మూడో వంతు.

అందుచేత ఇంటి ముందుగదినీ, అందులోని పుస్తకాలు బిగించే మరనూ, తోళ్లనూ, అట్టలనూ, సామాను సమస్తాన్నీ సర్వహక్కులతో జిగురుకి రాసి ఇస్తున్నాను. విలువ కట్టేవాడిని పిలిపించాను, వకీలు సరిచూశాడు. పైన రాసిన చిల్లర సామానుతో కలిపి మూడో వంతు లోపే ఉంది. పిల్లా, ఆ చెక్కపెట్టె విప్పి సామాను మేకులకి తగిలించు. అది నీ గది.

ముందుగదిని ధర్మానికి వక్ఫు చేయమని కొందరు సలహా ఇచ్చారు. అమ్మడానికీ కొనడానికీ వీల్లేకుండా ఒక మంచి పనికి ఆస్తిని కట్టేయడం గొప్ప ఏర్పాటే. ఎన్నో ఊళ్లలో ఆస్పత్రులూ బడులూ అలా దుకాణాల అద్దెల మీద బతికాయి, ఆడవాళ్లు పెట్టినవీ చాలా ఉన్నాయి. కానీ పెత్తనం కోసం తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాల కథలు కూడా నేనే పాఠం చెప్పాను. మా పిల్లకి కమిటీ వద్దు, తాళంచెవి చాలు.

8. ముందుగది నుంచి ఇంట్లోకి వచ్చే లోపలి తలుపు. దీని గురించి రాయడానికే పొద్దుటి నుంచి తిప్పలు పడుతున్నాను. ముందుగది ఇచ్చే హక్కు నాకుంది. ఆ తలుపుకి అవతల ఉన్న వంటిల్లూ, వరండా, మేడ మీద ఆమె పడుకునే చిన్నగదీ మీ రెండు వంతుల్లోకి వస్తాయి. నేను పోయిన మర్నాడు మీరు ఆ తలుపు స్థానంలో ఇటుకలు పేర్చి గోడ కట్టేస్తే చట్టం మీ పక్షమే. జిగురుకి దుకాణం ఉంటుంది, ఇల్లుండదు. వీధిలోంచి వచ్చి, పని చేసుకుని, మళ్లీ వీధిలోకి పోవాలి. అది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

మూడో వంతు దాటిన కోరిక ఏదైనా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆ ఒప్పుకోవడం కూడా నేను పోయాకే జరగాలి. నేను బతికుండగా పెట్టిన సంతకం చెల్లదు, ఎందుకంటే తల్లి ఎదురుగా కూర్చుని చూస్తుంటే కాదనేదెవరు? ఈ చట్టం రాసినవాళ్లకి తల్లుల సంగతి బాగా తెలుసు. మీ పుట్టుక నుంచీ మీకు హుకుంలు జారీచేసిన దాన్ని, ఈ ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. జిగురు ఉన్నంతకాలం ఆ తలుపు తెరిచి ఉంచండి. మేడ మీది గది ఆమెకి ఉండనివ్వండి.

సంతకానికి ముందు ఒక పని చేయండి. ఆ తలుపు చట్రం మీద మీ నాన్న పెన్సిలు గీతలు ఉన్నాయి. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి, నెత్తిన అదే చెక్క స్కేలు ఆన్చి గీసేవారు. పేర్లు రాయండి అని నేను ఎంత మొత్తుకున్నా రాయలేదు, రాయకపోతే ఏం, మన పిల్లలే కదా అనేవారు. ఇప్పుడు చూస్తే ఏది ఎవరిదో నాకూ తెలియడం లేదు. స్కేలు నీ దగ్గరే ఉంది కదా అబ్బాయీ, చెల్లెల్ని పిలిచి ఇద్దరూ కలిసి చూడండి. ఆ గీతల్లో మీవి ఇవీ, ఆమెవి ఇవీ అని విడదీసి చెప్పగలిగితే, నిరభ్యంతరంగా గోడ కట్టుకోండి.

9. దీన్ని అమలు జరపవలసింది మా వకీలు. ఒకప్పుడు నా క్లాసులో వెనకబెంచీలో నిద్రపోయినవాడే. వారసత్వ చట్టం పాఠం రోజున ఎందుకో మెలకువగా ఉన్నాడు, ఆ ఒక్క పాఠంతోనే వృత్తి నడుపుకొస్తున్నాడు. యుద్ధాల మాస్టారు సాక్షి సంతకం పెడతానని ముచ్చటపడ్డారు గానీ, ఫ్లాస్కు పుచ్చుకునేవాళ్లు సాక్షులుగా ఉండడం బాగుండదని వద్దన్నాను.

ఇది కాగితం మీద రాశాను. తోలు మీది రాతని గీకి మార్చొచ్చు, కాగితం మీద గీకితే బయటపడిపోతుంది, అందుకే పూర్వం బగ్దాదు సర్కారు కచేరీలు కాగితానికి మారాయని చెబుతారు. నాకూ అదే ధీమా. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఇదే మొదటిది, ఇదే ఆఖరిది.

పద్నాలుగో తేదీ, నవంబరు నెల, మంగళవారం, మధ్యాహ్నం, ముందుగదిలో.

(సంతకం)
చరిత్ర టీచరు

సాక్షులు:
పక్కింటి దర్జీ
వీధి చివర మందుల షాపాయన

వారసుల అంగీకారం, ఎనిమిదో అంశానికి మాత్రమే. నేను బతికుండగా దీని మీద ఎవరూ సంతకం పెట్టవద్దు:

అబ్బాయి: ......................

అమ్మాయి: ......................