పెట్టకూడని మూత

అమ్మా, నీ ఫోన్ ఇంట్లోనే మర్చిపోయావు, అందుకే ఈ చీటీ. ముందు పని చెప్తా. నీలం బకెట్‌లో వార్డులో వేసుకున్న నా యూనిఫాం ఉంది, మీ బట్టల్లో కలపకు, నేనొచ్చి ఉతుక్కుంటా. అన్నయ్య అడిగితే డ్యూటీ పొడిగించారని చెప్పు. వాడి చెవిన పడితే వీధి చెవిన పడ్డట్టే.

ఇప్పుడు కూర్చుని చదువు. పొద్దున ఒకాయనకి రక్తం తీశాక ఆ సూది నా వేలికి గుచ్చుకుంది. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదు, అలాగే డబ్బాలో పడేయాలి. ట్రైనింగ్‌లో ఈ రూలు అందరికంటే గట్టిగా అప్పజెప్పింది నేనే! కానీ చెయ్యి దానంతటదే మూత వెతుక్కుంది. "సూదికి మూత పెట్టమని నీకెవరు నేర్పారే?" అని ఇంచార్జి సిస్టర్ అరిస్తే "మా అమ్మ" అని నోటిదాకా వచ్చింది. ఏ గిన్నె చూసినా "మూత పెడితే చేతులు అరిగిపోతాయా?" అని తిట్టింది నువ్వే కదా! నీ తప్పు కాదులే.

వెంటనే కుళాయి కింద సబ్బుతో కడిగాను, పిండకూడదంటారు కాబట్టి వేలు పిండలేదు. జబ్బు అంటకుండా ఇచ్చే మందులో మొదటి మాత్ర వేసుకున్నాను. నా కామెర్ల టీకా కార్డు అడిగితే దానికోసం ఇంటికొచ్చి మళ్ళీ వెళ్తున్నా. హెచ్‌ఐవీ లాంటివేమైనా ఉన్నాయేమోనని ఆయన రక్తం పరీక్షకి పంపారు, సాయంత్రానికి తెలుస్తుంది. ఏమీ ఉండదనే అంటున్నారు గానీ ఆ ఫలితం ఒక్కదాన్నే వినలేనమ్మా. ఐదింటికల్లా ఆసుపత్రి గేటు దగ్గరికి రా. ఏడవకుండా రా.

పాలు కాచి దించాను. మూత పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు, నువ్వే పెట్టు.