ప్లగ్గుకు బొట్టు

16 అక్టోబర్ 1964, బోథ్
మళ్లీ ఫ్యూజ్ పోయింది. ఈ సర్కారు వ్యానే నా ఆసుపత్రి, నా ఇల్లు. లైట్లు వెలుగుతున్నాయి, ప్లగ్గులు మాత్రం అన్నీ చచ్చాయి. డ్రైవర్ మొండయ్య ఫ్యూజ్ తీగ మార్చి జనరేటర్ తిప్పుతాడు, టప్పుమంటుంది. జర ఫికర్ చెయ్యకుండ్రి డాక్టరమ్మా అంటాడు. మరెవరు చెయ్యాలి ఫికర్? లింగవ్వకు నేడో రేపో నొప్పులొస్తాయి. ఎదురుకాళ్ల బిడ్డ. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. నీళ్లంటే స్టవ్ మీద కాచుకుంటాను, ప్లగ్గుకు పెట్టే పెద్ద లైటు లేకుండా కుట్లెలా వెయ్యను?

17 అక్టోబర్
ఆదిలాబాద్‌కు ఫోన్ చేస్తే, కందీలు వెలిగించుకుని కానివ్వండి అన్నాడు ఆఫీసరు. వాళ్లావిడ కాన్పుకు పెట్టుకోమనాలి కందీలు.

18 అక్టోబర్, మధ్యాహ్నం
స్క్రూడ్రైవర్ నేనే పట్టాను. ప్లగ్గు మూతలు విప్పితే ప్రతిదాంట్లో పసుపు, కుంకుమ, తడి ముద్దలుగా! దసరా నాడు ఆయా ఐలవ్వ బండికి పూజ చేసింది. స్టీరింగ్‌కు, చక్రాలకు బొట్టు పెడితే చూశాను. ప్లగ్గులకూ పెట్టిందని ఎవరికి తెలుసు? అడిగితే, మూడు కండ్లున్నయి గద, మూడిట్ల పెట్టిన అన్నది. జనరేటర్ ఆగి ఉంది కాబట్టి బతికిపోయింది. కోపంతో తిట్టడం మొదలుపెట్టాను. ఓ పట్టాన ఆగలేదు.

స్పిరిట్‌తో అన్నీ తుడిచేశాను. స్టీరింగ్, చక్రాలు, తలుపు కూడా. పెద్ద లైటు వెలిగింది.

20 అక్టోబర్
గర్భిణులు ఒక్కరూ రాలేదు.

21 అక్టోబర్
బొట్టు చెరిపిన బండట. ముత్తయిదువలు ఎక్కరట. గా ముండమోసిన బండ్ల మా కోడలు కాన్పు కాదు అన్నది లింగవ్వ అత్త యాదవ్వ, నా బోసి నొసలు చూస్తూనే. మా ఆయన చనిపోయిన ఏడాది నుంచీ వీళ్ల కాన్పులు చేస్తున్నాను. అప్పుడు లేని అరిష్టం ఇనుప డబ్బాకు వచ్చిందా? ఛీ.

22 అక్టోబర్, ఉదయం
లింగవ్వకు నొప్పులు మొదలయ్యాయి. యాదవ్వ గడప దాటనివ్వడం లేదట. ఐలవ్వ కుంకుమ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. ముత్తయిదువవు, నువ్వే పెట్టు అన్నాను. తుడిచింది నువ్వు, పెట్టేది నువ్వే అన్నది. ఒళ్లు మండింది. నా చేత్తో పెడితే చెల్లుతుందా అని అరిచాను. చెల్లకపోతే గప్పుడు చూద్దాం తియ్యి అన్నది.

తలుపు మీద పెట్టాను, ఇంత పెద్దది. ప్లగ్గుల జోలికి పోలేదు. మొండయ్య వ్యాన్‌ను యాదవ్వ వాకిట్లోకే తోలాడు. ఆమె బొట్టు చూసి, కోడలిని తనే ఎక్కించింది.

సాయంత్రం
ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. యాదవ్వ బండికి దండం పెట్టింది. బొట్టు పెట్టింది ఎవరో గని మంచి చెయ్యి అన్నది.

నాదే అన్నాను.